పేషెంటు తాలూకు ఎవరు?

మా ముత్తాత కోటయ్య నాయుడు గారికి బందరు కాలవ మీద పదకొండు సరుకు పడవలు తిరిగేవి. విజయవాడ వన్‌టౌన్‌లో ఆయన పేరుతో ఒక గోడౌను ఉండేది. మా తాత రంగారావు నాయుడు గారు దివిసీమలో మా ఊరికి గ్రామ మునసబు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే ఆ వీధిన పోయేవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. అది గొప్ప విషయమని నేననను. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

తగువులు వినడంలో తాతగారికి ఒక నియమం ఉండేది. మనిషి ఎదురుగా ఉండగా అతని తరఫున ఇంకొకరు మాట్లాడకూడదు. భార్యను అడిగితే భర్త, తండ్రిని అడిగితే కొడుకు నోరు తెరిస్తే, "నిన్నడిగానా?" అని ఒక్క మాటతో కూర్చోబెట్టేవారు. ఎవరి మాట వాళ్ళ చేతే చెప్పించి, అన్నది అన్నట్టుగా తన తగువుల పుస్తకంలో రాసుకునేవారు. ఎర్రగుడ్డ అట్టలు వేసిన అలాంటి పుస్తకాలు ఒక టేకు పెట్టె నిండా ఉండేవి.

లారీలు వచ్చాక పడవలు పోయాయి. ప్రభుత్వం రద్దు చేశాక మునసబు పదవి పోయింది. పొలం మా నాన్న వేసిన దావాల్లో పోయింది. ఆఖరికి ఆ తగువుల పుస్తకాలను కూడా నాన్న వన్‌టౌన్‌లో పాత కాగితాలు కొనే కొట్టుకు తూకానికి వేశారు. రిక్షా వెనక నేను నడిచి వెళ్ళాను. పెట్టె మాత్రం ఖాళీగా తిరిగి తెచ్చుకున్నాం.

నేను స్పీచ్ థెరపిస్టునయ్యాను. "మునసబు గారి మనవడు మూగోళ్ళకి అఆలు దిద్దిస్తున్నాడట" అని మా మేనమామ పెళ్ళి పందిళ్ళలో పదిమంది వినేట్టు అనేవాడు. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో, చెవి ముక్కు గొంతు విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. అక్కడ పైన ప్రొఫెసరు, తర్వాత అసోసియేట్లు, అసిస్టెంట్లు, పీజీ విద్యార్థులు, నర్సులు, ఆ తర్వాత మేము. మీటింగుల్లో నా కుర్చీ తలుపు పక్కన ఉండేది. ఆ కుర్చీలో నేను ఏ రోజూ వెన్ను వాల్చి కూర్చోలేదు.

ఇప్పుడు చెప్పబోయేది రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో నాకు అప్పగించిన పని గురించి. దాన్ని తలుచుకుంటే నాకు ఈనాటికీ కోపం వస్తుంది. ఆ కోపంలో సగం నా మీద నాకే.

ముందు మా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలి. గొంతు క్యాన్సరు ముదిరితే స్వరపేటికను పూర్తిగా తీసేస్తారు. కిందనున్న శ్వాసనాళాన్ని మెడ ముందు వైపుకు తెచ్చి చర్మానికి కుట్టేస్తారు. అప్పటినుంచి ఆ మనిషి ముక్కుతో ఊపిరి తీసుకోడు. మెడ మీద రూపాయి బిళ్ళంత రంధ్రంతో తీసుకుంటాడు. డాక్టర్లు దాన్ని స్టోమా అంటారు, మా పేషెంట్లు బెజ్జం అంటారు. గాలి నోటిదాకా రాదు కాబట్టి మాట ఉండదు. మాట మళ్ళీ తెప్పించడానికి మూడు దారులున్నాయి. గాలిని మింగి త్రేన్పులాగా పైకి తెచ్చి దాన్ని మాటగా మలచడం ఒకటి. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న కవాటం అమర్చడం రెండోది. మెడకు ఆనిస్తే గుయ్‌మని మోగే టార్చిలైటంత యంత్రం మూడోది. ఆ గుయ్‌మనే చప్పుడునే పెదవులతో, నాలుకతో మాటలుగా చెక్కుకోవాలి. ఈ మూడూ నేర్పడమే నా ఉద్యోగం.

ఆ నెల మొదట్లో ఒక సోమవారం ప్రొఫెసరు గారు నన్ను గదికి పిలిచారు. ఆయన ఎదుట డాక్టర్ విశ్వనాథ్ అనే సర్జను కూర్చుని ఉన్నారు. వేరే ఊళ్ళో ప్రైవేటు ఆసుపత్రి ఆయనది. చనిపోయిన దాత నుంచి స్వరపేటికను తీసి, లేనివారికి అమర్చే ఆపరేషన్లు మొదలుపెట్టాలని ఆయన ఉద్దేశం. ప్రపంచంలోనే బహు తక్కువమందికి జరిగిన ఆపరేషను అది. స్వరపేటిక పోయినవాళ్ళు దీని గురించి ఏమనుకుంటున్నారో ముందు ఒక సర్వే చేయాలన్నారు. అలాంటి పేషెంట్లు ప్రతి నెలా రెండో శనివారం నా గదికి వచ్చి సాధన చేస్తారు కాబట్టి పని నాకు అప్పగించారు. ఇంగ్లీషు ఫారం ఇచ్చారు. తెలుగు చేసింది నేనే.

మొదటి ప్రశ్న ఇది: "మీ మాట మీకు తిరిగి వస్తుందంటే కొత్త స్వరపేటిక అమర్చుకోవడానికి ఒప్పుకుంటారా?" దాని కింద అవును, కాదు అని రెండు గళ్ళు. ఫారం చివర ఇంకో రెండు గళ్ళు. సమాధానం చెప్పినవారు: రోగి, లేక రోగి తాలూకు.

తెలుగు చక్కగా కుదిరిందని ప్రొఫెసరు గారు మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. ఆ ప్రశ్నలో ఏం ఉందో తప్ప ఏం లేదో ఆ రోజు చూడలేదు. జీవితాంతం వేసుకోవాల్సిన మాత్రల మాట అందులో లేదు. ఒంటికి పరాయి అవయవాన్ని ఒప్పించే ఆ మాత్రలు మనిషి రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి కాబట్టి, ఒకసారి క్యాన్సరు వచ్చినవాడికి అది మళ్ళీ తలెత్తే ప్రమాదం ఉందన్న మాట లేదు. ఆపరేషను అయ్యాక కూడా మెడ మీద బెజ్జం ఉండిపోవచ్చన్న మాట అంతకన్నా లేదు. ఇవన్నీ నాకు తెలుసు. చదువుకున్నవాణ్ణి. అయినా అడగలేదు.

రెండో శనివారం వరండా నిండిపోయింది. మన ఆసుపత్రుల్లో ఒక పిలుపుంది. "పేషెంటు తాలూకు ఎవరండీ?" మందుచీటీ చేతికివ్వాలన్నా, రక్తం తెమ్మన్నా, మనిషి పోయాడని చెప్పాలన్నా అదే పిలుపు. ఓపీ చీటీ రాయించుకున్న తర్వాత పేషెంటును పేరు పెట్టి పిలిచేవాళ్ళుండరు. మా విభాగంలో ఆ అలవాటుకు ఇంకో కారణం తోడైంది. మా పేషెంటు ఒక వాక్యం చెప్పడానికి పట్టే సమయంలో వాళ్ళబ్బాయి నాలుగు ఫారాలు నింపగలడు.

ఆ రోజు నేనూ అలాగే పిలిచాను. కొడుకులు వచ్చారు, భార్యలు వచ్చారు, ఒక అల్లుడు వచ్చాడు. పేషెంట్లు బెంచీల మీద, మెడకు కట్టుకున్న తెల్లటి గుడ్డలు సర్దుకుంటూ కూర్చున్నారు. భోజనాల వేళకు ముందే పని అయిపోయింది. ఒక్క ఫారంలో తప్ప అన్నింటిలోనూ 'అవును' అని ఉంది. ప్రతి ఫారం కిందా, పరిశీలించినట్టు, నా సంతకం ఉంది. నా సంతకం పొందికగా ఉంటుందని పేరు.

మూడు రోజుల తర్వాత, మంగళవారం, డాక్టర్ విశ్వనాథ్ గారి నుంచి కబురు వచ్చింది. ఫారాలన్నీ చూశారట. మొదటి ఆపరేషనుకు పోలయ్య అనే పేషెంటును ఎంపిక చేశారట. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో జరిగే డాక్టర్ల సదస్సులో అతన్ని చూపించి, అక్కణ్ణుంచే పరీక్షలకు తీసుకువెళ్తారట. నేను అతన్ని సిద్ధం చేయాలి.

పోలయ్యను ఎంచుకోవడం ఎవరికైనా సబబుగానే కనిపిస్తుంది. బందరు వైపు సముద్రపు ఒడ్డు ఊరు అతనిది. ముప్ఫై ఏళ్ళు చేపల వేలంపాట పాడినవాడు. తెల్లారి పడవలు ఒడ్డుకు రాగానే బుట్టల చుట్టూ మూగిన వ్యాపారుల మధ్య నిలబడి, అలల హోరు మీద, ధర ఎత్తుతూ పోవడం అతని పని. అలాంటివాడి గొంతే పోయింది. ఇంతకన్నా కావలసినవాడు ఎవరుంటారు?

నేను కబురు పెడితే బుధవారం ఉదయం అతను యంత్రంతో వచ్చాడు. మా తాతగారు మునసబు చేసిన ఊరికి వాళ్ళ ఊరు ఎంతో దూరం కాదు. అందుకని అతన్ని మొదటినుంచీ నువ్వనే పిలిచేవాణ్ణి.

"పోలయ్యా, లిస్టులో మొదటి పేరు నీదే" అన్నాను.

అతను యంత్రం మెడకు ఆనించాడు. "ఏం లిస్టండీ?"

"కొత్త గొంతు పెట్టే లిస్టు. ఒప్పుకున్నావుగా."

"ఎవరొప్పుకున్నారు?"

"నువ్వే. ఫారంలో ఉంది."

"శనివారం నేను ఈ బెంచీ మీదే ఉన్నానండీ. నన్నెవరూ ఏం అడగలేదు. మీరు మావోణ్ణి పిలిచి మాట్టాడారు. పింఛను కాయితమేమో అనుకున్నా."

నేను ఫైలు తెరిచి ఫారం చూపించాను. అతను దాన్ని కిటికీ వెలుగులో పెట్టుకుని చూశాడు.

"ఈ రాత మావోడిది. కింద సంతకం ఎవరిదండీ?"

"నాది."

అతను ఫారం బల్ల మీద పెట్టాడు. మళ్ళీ యంత్రం ఎత్తినప్పుడు ఫారం గురించి మాట్లాడలేదు.

"మునసబు గారి మనవలు కదండీ మీరు. మా నాన్నకి నత్తి. వలల తగువులో మా బాబాయి లేచి, అన్నకి మాట రాదండీ, నే చెప్తానంటే, మీ తాతగారు కూకోమన్నారంట. మా నాన్న ఒక్క ముక్క అనేలోపు పక్కనోళ్ళు చుట్ట కాల్చి పారేసేవోళ్ళంట. పొద్దుగూకేదాకా కూకున్నారంట పెద్దాయన, ఇసుక్కోకుండా." మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మీకు పది నిమిషాల్లో అయిపోయిందండీ."

నిజం చెప్పాలి. నాకు మొదట కోపం వచ్చింది అతని మీదే. చేపల రేవు నుంచి వచ్చినవాడు మా తాతగారి పేరెత్తి నన్ను నిలదీస్తాడా అనిపించింది. ఆ కోపం నిలబడలేదు. నిలబడటానికి దానికి చోటు లేదు.

ఫారంలో లేనివన్నీ అప్పుడు చెప్పాను. మాత్రల సంగతి చెప్పాను. క్యాన్సరు సంగతి చెప్పాను. ఒక్కొక్కటీ వింటూ తల ఊపాడు. చివరికి ఒకే ప్రశ్న వేశాడు.

"బెజ్జం పోద్దా?"

"చెప్పలేను. ఉండిపోవచ్చు."

"మరింకెందుకండీ?"

మాట కోసం కాదా అని అడిగాను. అతను నవ్వాడు. స్వరపేటిక లేనివాళ్ళ నవ్వుకు చప్పుడుండదు, భుజాలు మాత్రం కదులుతాయి. యంత్రం బల్ల మీద పెట్టేసి, నా గదిలో చెత్తబుట్టను కాళ్ళ ముందుకు లాక్కుని, తను ఇప్పుడు వేలం ఎలా నడుపుతున్నాడో చూపించాడు. వేళ్ళతో ధర ఎత్తుతాడు. బల్ల మీద వేలి కణుపులతో మూడుసార్లు కొడితే పాట ముగిసినట్టు. ధర గిట్టక సరుకు వెనక్కి తీసుకుంటే, బుట్ట మీద అరచెయ్యి బోర్లిస్తాడు. ఆ చెయ్యి బోర్లిస్తే ఆ బుట్టను ఇంక ఎవరూ అడగకూడదు. రేవు రేవంతటికీ ఆ సైగలు తెలుసు.

మళ్ళీ యంత్రం తీసుకున్నాడు. "అప్పుడు అరిచి చచ్చేవోణ్ణండీ. నా మొహం ఎవడూ చూసేవోడు కాదు. ఇప్పుడు అందరి కళ్ళూ నా చేతిమీదే. పాట బానే జరుగుద్ది."

అతనికి పోయింది వేరే. చేప వాసన తెలియడం లేదు. ముక్కులోకి గాలి వెళ్ళదు కాబట్టి, బుట్టలో సరుకు తాజాదో నిలవదో ఇప్పుడు కోడలు వాసన చూసి చెప్పాలి. నీళ్ళలోకి దిగలేడు. బెజ్జంలోకి నీళ్ళు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సముద్రంలో మునిగినవాడు మోకాలిలోతు దాటి వెళ్ళడం లేదు. "మెడదాకా నీళ్ళలో నిలబడే ఆపరేషనుంటే చెప్పండి. రేపే వస్తా. గొంతు మీ దగ్గరే ఉంచండి" అన్నాడు.

నేను పాతికేళ్ళకు పైగా ఇలాంటివాళ్ళకు మాట నేర్పాను. మీకు ఏది పోయిందని ఒక్కణ్ణీ అడగలేదు. మాట పోయిందని నేనే నిర్ణయించుకున్నాను, అది నా ఉద్యోగం కాబట్టి.

ఆ మధ్యాహ్నమే వన్‌టౌన్‌ వెళ్ళి ఒక కట్ట పలకలు, బలపాలు కొన్నాను. అందరికీ కబురు పెట్టి, తర్వాతి శనివారం మళ్ళీ రప్పించాను. ఈసారి తాలూకు వాళ్ళను గేటు బయట కూర్చోమన్నాను. గొడవ జరిగింది. పోలయ్య కొడుకు వెంకటేశు ముందుకొచ్చాడు. చేపల వ్యాను తోలుతూ నెలలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు.

"మా నాన్న మనసు మీరు పాడు చేస్తున్నారండీ" అన్నాడు.

"ఆయన్ని అడక్కుండా ఎందుకు రాశావు?"

"అడగాలేంటండీ? ఎవరికైనా మాట అక్కర్లేదా? నేను దారిలోంచి ఫోన్ చేస్తానా, ఆయన ఎత్తుతాడు. గుయ్ గుయ్‌మంటది, ఒక్క ముక్క అర్థం కాదు. ఊపిరి మాత్రం వినపడుద్ది. ఎన్నాళ్ళండీ అట్టా? అన్నం తిన్నావా అంటే తిన్నానన్న మాట వినాలని ఉండదా నాకు?"

వాడి కళ్ళు తడిశాయి. వాడి మీద జాలిపడే స్థితిలో నేను లేను. "అది నీ కోరిక. నీ ఫారం ఇంకోటి పెడతాను, అందులో రాసుకో" అన్నాను. ఆ మాట కఠినమే. వెనక్కి తీసుకోను.

ఫారంలో ఉన్నదీ లేనిదీ నెమ్మదిగా చదివి వినిపించాను. రాయగలిగినవాళ్ళు రాశారు. రాయలేనివాళ్ళు చెబుతుంటే, మాట పూర్తయ్యేదాకా ఆగి నేను రాశాను. సాయంత్రం అయిదయింది. మొదటిసారి 'అవును' అన్న ఫారాల్లో సగానికి పైగా 'కాదు'కు మారాయి. కొందరు 'ఆలోచించాలి' అన్నారు. దానికి ఫారంలో గడే లేదు, నేను గీశాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో బాయిలరు మీద పనిచేసి రిటైరైన ఒకాయన పలక రెండువైపులా రాశాడు. గొంతు ఇచ్చినవాడి భార్య వచ్చి ఒకసారి మాట్లాడమని అడిగితే తను ఏం మాట్లాడాలి అని.

అన్నిటికన్నా నన్ను కుదిపింది సుగుణమ్మ గారి జవాబు. ఆవిడ క్రైస్తవ పాఠశాలలో లెక్కల టీచరు, ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపినావిడ. మొదటిసారి 'కాదు' అని వచ్చిన ఒకే ఒక్క ఫారం ఆవిడదే. నింపింది భర్త. "ఈ వయసులో ఆవిడకెందుకండీ ఈ కోతలు" అని నాతో అన్నారు కూడా. ఇప్పుడు ఆవిడ పలక వద్దని కాగితం అడిగి, టీచరు దస్తూరీలో రాసింది: "మాత్రల సంగతి అర్థమైంది. క్యాన్సరు తిరిగి రావచ్చని అర్థమైంది. బెజ్జం పోకపోవచ్చని అర్థమైంది. అయినా కావాలి. నేను బతికి ఉండగా ఒక్క ఆదివారం పాడితే చాలు. ఇది నా ఇష్టం. దయచేసి మా వారిని అడగవద్దు."

గొంతుతో బతికినవాడు వద్దన్నాడు. భర్త వద్దని రాసిన ఆవిడ కావాలంది. మా సర్వే రెంటినీ తిరగేసి రాసింది.

ఆ ఫారాలు సోమవారం ప్రొఫెసరు గారి ముందు పెట్టాను. ఆయన పైవి రెండు చూసి పక్కన పెట్టారు. సదస్సుకు సారాంశం పంపేశామన్నారు. సంఖ్యలు మార్చడం కుదరదన్నారు. "తాలూకు వాళ్ళు ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే కదండీ. ఎక్కడైనా అంతే. మీరెందుకు ఇంత బిగుసుకుపోతారు?" అన్నారు. పోలయ్య వద్దన్నాడని ప్రత్యేకంగా చెప్పాను. విశ్వనాథ్ గారికి తెలియజేస్తానన్నారు. తెలియజేశారు కూడా. విశ్వనాథ్ గారు పోలయ్యతో మాట్లాడలేదు, వెంకటేశుకు ఫోన్ చేశారు.

సదస్సు ఆ వారం చివర, ఆదివారం ఉదయం. నన్ను పిలవలేదు, వెళ్ళాను. పోలయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మొదటి వరసలో ఉన్నాడు. తనకు సన్మానమని కొడుకు చెప్పి తీసుకువచ్చాడట. అతని చేతిలో యంత్రం లేదు. దగ్గరకు వెళ్ళి సైగ చేస్తే, గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే బల్ల వైపు వేలు చూపించాడు. అక్కడున్న కుర్ర డాక్టరును అడిగాను. "అది పట్టుకుని మాట్లాడితే వాయిస్ పోయిన ఎఫెక్ట్ రాదు సార్, అందుకని తీసి పెట్టాం" అన్నాడు. మామూలుగానే అన్నాడు. కుంటివాడి కర్ర లాక్కుని నడక ఎంత చెడిందో చూడండి అనడానికీ దీనికీ తేడా ఏమిటని అడిగాను. అతనికి కోపం వచ్చింది.

అప్పటికే విశ్వనాథ్ గారు వేదిక మీద మొదలుపెట్టారు. తెర మీద చేపల రేవు ఫొటో వేశారు. గొంతే జీవనాధారమైన మనిషి, మౌనంలో మగ్గుతున్న మనిషి అని చెప్పారు. పోలయ్యను పైకి తీసుకువెళ్ళి పూలబుట్ట పెట్టిన బల్ల పక్కన నిలబెట్టారు. తర్వాత మైకులో అడిగారు.

"పేషెంటు తాలూకు ఎవరండీ? పైకి రండి."

వెంకటేశు వెళ్ళి, చేతికిచ్చిన మైకు అందుకున్నాడు.

"నాన్నగారు ఏమంటున్నారు?"

"కావాలంటున్నారండీ."

పోలయ్య బల్ల మీద కణుపులతో మూడుసార్లు కొట్టాడు. తర్వాత కుడిచెయ్యి చాచి, పూలబుట్ట మీద అరచెయ్యి బోర్లించి, అలాగే ఉంచాడు.

హాలు చప్పట్లు కొట్టింది. ముసలాయన దీవిస్తున్నాడనుకున్నారు. అంతమంది గొంతు డాక్టర్లలో ఆ చేతి అర్థం ఒక్కరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆ చప్పట్లు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి.

వెంకటేశుకు తెలుసు. వాడి మొహం పాలిపోయింది. చేతిలో మైకు కిందికి దించాడు.

లేచి నిలబడి, "ఆయన వద్దంటున్నారు" అని అరవబోయాను. అరిస్తే నేనూ ఇంకో తాలూకునే అవుతాను. గుమ్మం దగ్గర బల్ల మీదున్న యంత్రం తీసుకుని, మధ్య దారిన నడిచి, వేదిక ఎక్కి అతని చేతికిచ్చాను. "పోలయ్య గారూ, మీరు చెప్పండి" అన్నాను.

అతను యంత్రం మెడకు ఆనించాడు. కొడుకు చేతిలో మైకు దగ్గరికి వంగాడు.

"నన్నడగండి. నాకొద్దు. నేను వేలం వేసేవోణ్ణి, బుట్టలో సరుకుని కాదు." కొడుకు వైపు తిరిగాడు. "నా మాట ఫోన్లో అర్థం కాకపోతే ఇంటికొచ్చి వినరా."

విశ్వనాథ్ గారు చిరునవ్వుతో, పేషెంట్లు ఇలాంటి సమయంలో భావోద్వేగానికి లోనవుతారని చెప్పి తర్వాతి స్లైడు వేశారు. తండ్రీకొడుకులు పక్కమెట్ల మీదుగా దిగిపోయారు. కిందికి దిగేటప్పుడు వెంకటేశు తండ్రి మోచెయ్యి పట్టుకోబోయాడు. పోలయ్య విదిలించుకున్నాడు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పట్టుకోనిచ్చాడని తర్వాత హోటలు వాచ్‌మన్ చెప్పాడు.

మంగళవారం నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా సదస్సుకు ఆటంకం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఒక్క వాక్యం రాశాను: "పేషెంటు వస్తువును పేషెంటుకు ఇచ్చాను." ఆ తర్వాత సర్వేలేవీ నాకు ఇవ్వలేదు. అచ్చయిన పత్రంలో మొదటిసారి తీసిన లెక్కలే ఉన్నాయి. కింద కృతజ్ఞతల్లో నా పేరు ఉంది. తీసేయమని రెండు ఉత్తరాలు రాశాను. తీయలేదు.

సుగుణమ్మ గారు తన కాగితం పట్టుకుని, ఆటోలు మారుతూ, బస్సెక్కి విశ్వనాథ్ గారి ఆసుపత్రికి సొంతంగా వెళ్ళింది. కవుంటరులో అమ్మాయి కంప్యూటరు చూసి చెప్పిందట: "మీ ఫారంలో వద్దని ఉందండీ." అది తను రాయలేదని ఆవిడ యంత్రంతో చెప్పబోతే, ఆ అమ్మాయి ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూసి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని పిలిచిందట. ఆవిడ వెంట ఎవరూ లేరు. తిరిగి వచ్చి నాతో చెప్పేటప్పుడు ఏడవలేదు. ఆ ఫారం కింద సంతకం ఎవరిదో ఆవిడకు తెలుసు. నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది. నేను ప్రొఫెసరు గారి చేత ఉత్తరం రాయించడానికి ప్రయత్నించాను. ఆయన రాయలేదు. ఆ ఆపరేషన్లు చివరికి అక్కడ మొదలు కానేలేదు. కానీ ఆవిడ పేరు జాబితాలో లేకపోవడానికి కారణం అది కాదు, నేను.

ఇందులో నేను నేర్చుకున్నది ఇంతే. మనిషికి ఏ అవయవం పోయిందో చూసి అతనికి ఏం కావాలో చెప్పలేం. అడగాలి. అడిగేటప్పుడు ఇచ్చేదాన్ని మాత్రమే కాక పోయేదాన్ని కూడా చెప్పాలి. జవాబు ఆ మనిషి దగ్గర నుంచే తీసుకోవాలి, అది రావడానికి ఎంతసేపు పట్టినా కూర్చోవాలి. ఇది మా ఇంట్లో ఒకప్పుడు అందరికీ తెలిసిన విషయం. నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా పోలయ్య చెప్పాల్సి వచ్చింది.

రెండోసారి పేషెంట్లే జవాబిచ్చిన ఫారాలు, సుగుణమ్మ గారి కాగితంతో సహా, మా విభాగం బీరువాలో ఉంచి రిటైరయ్యాను. ఇంటికి తీసుకుపోవడానికి నాకు అధికారం లేదని నియమం పాటించాను. మరుసటి ఏడాది బీరువాలు ఖాళీ చేసి పాత రికార్డులన్నీ అమ్మేశారు. కొన్నది వన్‌టౌన్‌లో మా నాన్న తగువుల పుస్తకాలు తూకానికి వేసిన కొట్టే.